కొరియా హోమి: చేతిలో పట్టుకోవడం దగ్గర్నుంచి భద్రంగా దాచుకోవడం దాకా

హోమి అంటే కొరియన్లు ఒంటి చేత్తో వాడే చిన్న తోటపని పనిముట్టు. దాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్లు చాలామంది పార ఎత్తినట్టు పైకెత్తి నేల మీద కొడతారు. నేనూ అలాగే కొట్టాను. కొరియాలోని దేజోన్ ఊరి చివర ఒక వారాంతపు తోటలో ఐదు ప్యోంగ్‌ల మడి అద్దెకు తీసుకున్న మొదటి వసంతం అది. ఐదు ప్యోంగ్‌లంటే సుమారు 16 చదరపు మీటర్లు, మన లెక్కలో ఇరవై గజాలకు కాస్త తక్కువ. పక్క మడిలో పని చేసుకుంటున్న హల్మొని నా దెబ్బల చప్పుడు విని లేచి వచ్చారు. హల్మొని అంటే కొరియాలో పెద్దావిడను పిలిచే మాట, మనం అవ్వ, మామ్మ అన్నట్టు. ఆవిడ నా మణికట్టు పట్టుకుని కిందికి దించి, హోమి మొనను మట్టికి ఆనించి, నా చేతితోనే నా వైపుకి లాగించారు. మట్టి చీలి రెండు పక్కలకీ విచ్చుకుంది. చేతికి బరువే తెలియలేదు.

హోమి పని మొత్తానికి ఆ లాగుడే మూలం. అది చేతికి అలవాటైతే కలుపు తీయడం, చాలు గీయడం, నారు నాటడం, మట్టి ఎగదోయడం, దుంపలు తవ్వడం అన్నీ ఈ ఒక్క పనిముట్టుతో జరిగిపోతాయి. ఇక్కడి చిన్న తోటల్లో చాలామంది వేరే పనిముట్టు బయటికి తీయడం నేను అరుదుగా చూశాను.

ఏ హోమి కొనాలి

హోమి పొడవు మొత్తం ఒక అడుగు అటూ ఇటూ ఉంటుంది. ఇనుప అలుగు ఆకులా ఉండి కిందికి మొన తేలుతుంది. అలుగు పైనుంచి సన్నటి మెడ కొంగ మెడలా వంగి వచ్చి కర్ర పిడిలోకి దూరుతుంది. అంగడిలో అడగడానికి పనికొచ్చే మాటలు మూడు: అలుగును నల్ అంటారు, పిడిలోకి దిగే ఇనుప కొసను సుంబె అంటారు, పిడిని జరు అంటారు.

అన్ని హోమిలూ ఒకటి కావు. వరి మడిలో వాడే నొన్‌హోమి పెద్దది, బరువైనది. బురదను ఒక్క లాగుతో పెళ్లగించి తిరగేయడానికి చేసినది అది. మెట్ట చేలకు వాడేది బట్‌హోమి. కూరగాయల మడికి మీకు కావలసింది ఇదే. జెజు ద్వీపానికి వెళితే కథ మారుతుంది. అక్కడ నేలంతా అగ్నిపర్వతపు రాళ్లు. వెడల్పు అలుగు రాళ్ల మధ్య దిగదు కాబట్టి అక్కడి అలుగు వేలిలా సన్నగా, కొక్కెంలా ఉంటుంది. దాని పేరు కూడా వేరు, గోల్‌గెంగి అంటారు. జెజు యాసలో హోమి అంటే కొడవలి. అక్కడి అంగడిలో హోమి కావాలని అడిగితే కొడవలి చేతికి రావచ్చు, గుర్తుంచుకోండి.

మీ మట్టిని బట్టి ఎంచుకోండి. మెత్తటి మట్టి, కుండీలు, మిద్దె తోట అయితే వెడల్పు అలుగు మంచిది. రాళ్లు, గట్టి ఎర్రనేల అయితే సన్నటి అలుగు, పొడుగు మొన ఉన్నది తీసుకోండి.

ఎడమచేతి వాటం వాళ్లు ఒక సంగతి తప్పకుండా చూసుకోవాలి. హోమి అలుగు నిట్టనిలువుగా ఉండదు, ఒక పక్కకు కాస్త తిరిగి ఉంటుంది. మామూలుగా దొరికేది కుడిచేతికి చేసినది. దాన్ని ఎడమచేత్తో లాగితే వాదర మట్టిలోకి దిగకుండా జారిపోతుంది, గంటలో మణికట్టు నొప్పెడుతుంది. ఎడమచేతికి వేరే హోమి చేస్తారు. వెన్‌సొన్ హోమి అని అడగండి.

కొలిమిలో చేసినదా, మిషన్‌లో రేకు కోసి చేసినదా అన్నది చేత్తోనే తెలుస్తుంది. కొలిమి హోమిలో మెడ దగ్గర ఇనుము మందంగా ఉండి, అంచుకు వచ్చేసరికి పలచబడుతుంది. వేలితో నిమిరితే సుత్తి దెబ్బల గుంతలు తగులుతాయి. అలుగు, మెడ ఒకే ఇనుప ముక్క నుంచి సాగి వచ్చినట్టు ఉంటాయి. రేకు హోమి అంతా ఒకే మందం, మెడ దగ్గర వెల్డింగ్ మచ్చ కనిపిస్తుంది. అది విరిగేది కూడా ఆ అతుకు దగ్గరే. నా మొదటి హోమి అలాంటిదే, రాయి తగిలి రెండో నెలలోనే మెడ ఊడింది. రెండోది యుసొంగ్ సంతలో కొన్నాను. తేదీ చివర 4, 9 వచ్చే రోజుల్లో జరిగే సంత అది. ఇప్పటికీ అదే వాడుతున్నాను.

కొలిమి హోమి అనగానే కొరియన్లు చెప్పే పేరు యోంగ్‌జు. ఉత్తర గ్యోంగ్‌సాంగ్ ప్రాంతంలోని ఆ ఊళ్లో సొక్ నొగి అనే కమ్మరి కొన్ని దశాబ్దాలుగా హోమిలు సాగగొడుతున్నారు. 2019 వచ్చేసరికి ఆయన హోమి అమెజాన్‌లో అమెరికా తోటల వాళ్లు వెతికి మరీ కొనే వస్తువైంది. కొరియా పత్రికలు, టీవీలు దాని గురించి చాలా రాశాయి, చూపించాయి. చేతి హోమికి వాడే ఉక్కు తరచుగా పాత బండ్ల కమాన్ పట్టీలది. మన పల్లెల్లో కమ్మరులు కొడవళ్లకూ గొడ్డళ్లకూ ఏరి తెచ్చుకునేదీ అదే ఉక్కు. అది చదివినప్పుడు నాకు మా ఊరి కొలిమి కళ్లముందు కదిలింది. కొలిమి దగ్గర నిలబడి వేళ్లతో తూకం చూసి కొనే అలవాటు ఉన్న మనవాళ్లకు మంచి హోమిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు.

పట్టు, కూర్చునే తీరు

పిడిని మెడకు దగ్గరగా పట్టుకోండి. నాలుగు వేళ్లు చుట్టూ, బొటనవేలు పిడి మీద పక్కగా. గట్టిగా బిగించకండి. గుడ్డు పట్టుకున్నంత మెత్తగా కాదు గానీ, వేలి కణుపులు తెల్లబడేంతా వద్దు. పిడిని నేలకు దాదాపు సమాంతరంగా ఉంచితే మెడ వంపు వల్ల మొన దానంతటదే కిందికి, మీ వైపుకి చూస్తుంది. ఇప్పుడు మొనను ఒక జానెడు దూరంలో ఆనించి, మోచేతిని వెనక్కి తీసుకోండి. కదలాల్సింది మోచేయి, భుజం. మణికట్టును చివర్లో, మట్టిని పక్కకు తిప్పాల్సినప్పుడు మాత్రమే వాడండి. మణికట్టుతోనే అంతా చేస్తే మరుసటి రోజు టీ కప్పు కూడా ఎత్తలేరు.

గట్టి నేల అయితే కాస్త ఎత్తి దింపాలి, అదీ నాలుగు వేళ్ల ఎత్తు నుంచి, హోమి బరువును పడనిచ్చినట్టుగా. అలా కూడా దిగకపోతే నేల ఇంకా పదునుకు రాలేదని అర్థం. నీళ్లు పెట్టి మర్నాడు రండి.

మొన ఎప్పుడూ మీ వైపే వస్తుంది కాబట్టి రెండో చెయ్యి జాగ్రత్త. మొక్కను పట్టుకున్న ఎడమచెయ్యి హోమి లాగే దారిలో ఉండకూడదు, పక్కకు ఉండాలి. మోకాలు కూడా అంతే. గ్లౌజు ఒకటే ఉంటే ఎడమచేతికి వేసుకోండి.

కొరియన్లు గొంతుక్కూర్చుని పని చేస్తారు. మనకూ అలవాటైన కూర్చునే తీరే, కానీ గంటల తరబడి చేస్తే మోకాళ్లు ఒప్పుకోవు. దీనికి వాళ్లకు చక్కటి ఉపాయం ఉంది. గుండ్రటి స్పాంజి దిండును సాగే పట్టీలతో తొడలకు తగిలించుకుంటారు. లేచి నడిస్తే దిండూ వెనకే వస్తుంది, ఎక్కడ కూర్చుంటే అక్కడ పీట సిద్ధం. సంతల్లో హోమిల పక్కనే అమ్ముతారు. పొలం పని చేసే మన అమ్మలకు ఎవరైనా ఇది కొనిచ్చి పంపితే ఎంత బాగుండును అనిపిస్తుంది. అది లేకపోతే ఒక మోకాలు నేలకు ఆనించి, పది నిమిషాలకోసారి మోకాళ్లు మార్చుకోండి. ముందుకు నడుస్తూ చేస్తే తీసిన చోటే తొక్కుతారు. అందుకని వెనక్కి జరుగుతూ పని చేయండి.

కలుపు తీయడం

హోమికి అసలు పని ఇదే. కొరియన్‌లో గిమ్‌మెగి అంటారు. వాళ్ల పెద్దలు చెప్పే మాట ఒకటుంది: మేలైన రైతు గడ్డి కనపడకముందే కలుపు తీస్తాడు, మధ్యరకం రైతు గడ్డిని చూసి తీస్తాడు, నాసిరకం రైతు చూసి కూడా తీయడు. కనపడని గడ్డిని తీయడమేమిటని నాకు చాలాకాలం అర్థం కాలేదు. తర్వాత హల్మొని చూపించారు. విత్తనాలు మొలిచిన వారం పది రోజులకు, మడి శుభ్రంగా ఉందనిపించే సమయంలో, వరసల మధ్య మట్టిని హోమితో వేలి గోరంత లోతున గీకారు. ఆ మట్టిలో సన్నటి తెల్లటి దారాలు బయటపడ్డాయి. అవి ఇంకా పైకి రాని గడ్డి మొలకలు. ఎండకు అరగంటలో వాడిపోయాయి.

మీరూ అలాగే మొదలుపెట్టండి. ఎండ కాసే రోజు పొద్దున్నే, మట్టి పైపొర పొడిగా ఉన్నప్పుడు, హోమిని పక్కకు వంచి వాదర నేలకు ఆనేలా పట్టుకోండి. మొన కాదు, వాదర. పై మట్టిని పొరలా తీస్తున్నట్టు మీ వైపుకి గీకుతూ రండి. లోతుగా పోనివ్వకండి. లోతుకు వెళితే కింద నిద్రపోతున్న గడ్డి విత్తనాలను మీరే వెలుతురులోకి తెచ్చి మొలిపించినట్టవుతుంది, పైగా పంట వేళ్లు తెగుతాయి. మొక్క మొదలు చుట్టూ రెండు వేళ్ల మేర వదిలేసి, అక్కడి గడ్డిని చేత్తో పీకండి. మొదటి నెలలో వారానికోసారి ఇలా గీకితే ఇరవై గజాలకు గంట కూడా పట్టదు.

పెరిగిపోయిన కలుపుకు మొన వాడాలి. మొక్క మొదలుకు రెండు మూడు అంగుళాల అవతల మొన దింపి, వేరు కిందికి పోనిచ్చి, పిడిని కాస్త కిందికి నొక్కండి. మట్టి వదులై మొక్క పైకి లేస్తుంది. అప్పుడు ఎడమచేత్తో మొదలు పట్టి లాగి, హోమి వెన్నుతో రెండు తట్లు తట్టి మట్టి దులపండి. మట్టితో సహా పారేస్తే నెల తిరిగేసరికి మీ మడిలో మంచి మట్టే మిగలదు. వాన వెలిసిన వెంటనే ఈ పని చేయకండి. అడుగుల కింద మట్టి అణిగి గట్టిపడుతుంది, పీకిన గడ్డి మళ్లీ నాటుకుంటుంది. ఒక రోజు ఆగి, పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టి, వేలితో పొడిస్తే పొడిపొడిగా విడిపోయే పదునులో చేయండి.

గడ్డిని బట్టి పద్ధతి మారుతుంది. తుంగను వాదరతో కోస్తే లాభం లేదు, వారంలో మళ్లీ వస్తుంది. మొనతో లోతుగా వెళ్లి కింది గడ్డను కూడా తీయాలి. కణుపు కణుపుకీ వేరు దించే పాకుడు గడ్డిని ఒక కొస నుంచి మొదలుపెట్టి ప్రతి కణుపు కిందా మొన తగిలించుకుంటూ చుట్ట చుట్టినట్టు తీయండి. గంగవాయిలి కూర ఇక్కడి మడుల్లోనూ వస్తుంది, సెబిరుమ్ అంటారు. మనలాగే వాళ్లూ వండుకుంటారు, ఉడికించి నమూల్ అనే కూర చేస్తారు. కూరకు కాకపోతే మాత్రం మడిలో పడేయకండి. దాని తెగిన కాడ కూడా చెమ్మ తగిలితే బతుకుతుంది.

కొరియాలో జూన్ చివర్లో ముసురు వానలు పట్టుకుంటాయి. జంగ్మ అంటారు, దాదాపు నెల రోజులుంటాయి. మొదటి ఏడు నేను జూన్‌లో ఆఫీసు పని టెన్షన్‌లో మూడు వారాలు తోట వైపు వెళ్లలేదు. ఆ వెంటనే వాన. జులై మధ్యలో వెళ్లేసరికి మిరప మొక్కలు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. గడ్డి నడుము దాకా ఉంది. హల్మొని చూసి, హోమితో ఆపగలిగినదాన్ని గారెతో ఆపుతావా అన్నారు. ఇది కొరియన్ల సామెత. గారె అంటే ముగ్గురు మనుషులు కలిసి లాగే పెద్ద తవ్వుడు పార. చిన్న గండికి హోమి చాలు, ఆలస్యం చేస్తే గారె పట్టాల్సి వస్తుందని భావం. ఆ ఏడు నాకు రెండు ఆదివారాలు, ఒక కొడవలి, నలుగురు స్నేహితులు కావలసి వచ్చారు. అందుకే చెబుతున్నాను, ముసురు మొదలయ్యే ముందు వారం ఏ పని ఉన్నా మానుకుని ఒకసారి మడంతా గీకండి.

విత్తడం, నాటడం

చాలు గీయడానికి హోమిని నిలువుగా పట్టి మొనతో ఒక్క గీత లాగండి. లోతు విత్తనాన్ని బట్టి. లెట్యూస్ విత్తనానికి మొలవడానికి వెలుతురు కావాలి, అందుకని గోటితో గీసినంత లోతు చాలు. విత్తనం చల్లాక హోమిని తిరగేసి వెన్నుతో మట్టిని పైపైన దువ్వినట్టు కప్పండి, ఆపైన అదే వెన్నుతో మెల్లగా అదమండి. ముల్లంగి, పాలకూర లాంటివాటికి వేలి మొదటి కణుపంత లోతు పెట్టుకోండి.

మిరప, టమాటా నారు దేజోన్ వైపు మే మొదటి వారం తర్వాతే నాటుతాం. అంతకుముందు రాత్రి చలికి నారు దెబ్బతింటుంది. మొన దింపి, లాగి, పిడిని కుడివైపుకి తిప్పితే గుండ్రటి గుంట పడుతుంది. గుంటలో నీళ్లు పోసి, ఇంకిన తర్వాత నారు పెట్టి, హోమి వెడల్పు వైపుతో చుట్టూ మట్టిని దగ్గరికి లాగండి. ఇక్కడ చాలామంది బోదెల మీద నల్ల ప్లాస్టిక్ షీటు పరుస్తారు. అలాంటప్పుడు మొనతో షీటుకు చిన్న చిల్లు మాత్రమే చేయండి, నాటాక చిల్లు అంచుల మీద గుప్పెడు మట్టి వేసి మూయండి. లేకపోతే వేసవిలో షీటు కింది వేడి గాలి ఆ చిల్లులోంచి వచ్చి మొక్క మొదలును కాలుస్తుంది. డ్రిప్ పైపు ఉన్న మడిలో పైపు ఎటు పోతోందో ముందే చూసుకోండి. హోమి మొనకు పైపు అడ్డే కాదు.

మట్టి ఎగదోయడం, దుంపలు తవ్వడం

బంగాళదుంపలకు గొప్పు తవ్వి మట్టి ఎగదోయడం హోమితో చేస్తే పారతో చేసినదానికన్నా నాజూకుగా వస్తుంది. మొక్క జానెడు ఎత్తయ్యాక, అలుగు వెడల్పు వైపును చీపురులా వాడి, బోదె పక్కనున్న మట్టిని మొదలు వైపుకి లాగండి. మూడు వారాలకు మళ్లీ ఒకసారి. దుంప ఎండకు బయటపడితే పచ్చబడి చేదెక్కుతుంది, తినకూడదు.

ఇక్కడ మార్చి చివర్లో నాటిన దుంపలు జూన్ 21 అటూ ఇటూ, వాళ్లు హజి అనే, ఏడాదిలో పగలు అన్నిటికన్నా పొడుగ్గా ఉండే రోజుల్లో తవ్వుతారు. ఆ దుంపల పేరే హజి గమ్జ, అంటే హజి బంగాళదుంప. తవ్వేటప్పుడు మొక్క మొదట్లో మొన దించకండి. జానెడు అవతల నుంచి మొదలుపెట్టి, వాదర పక్కగా ఉంచి, మట్టిని పొరలు పొరలుగా మీ వైపుకి లాగుతూ దగ్గరికి రండి. దుంప చర్మం కనపడగానే హోమి పక్కన పెట్టి చేతులతో తీయండి. చిలగడదుంపలు ఇంకా వ్యాపించి ఉంటాయి కాబట్టి మరింత దూరం నుంచి రావాలి.

ఇదే పద్ధతి సముద్రపు ఒడ్డున కూడా చూశాను. పశ్చిమ తీరంలో ఆటుపోటు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే బురద మైదానాలను గెత్‌బోల్ అంటారు. 2021లో వాటిలో కొన్నింటికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. అక్కడి ఆడవాళ్లు హోమితో బురదను పొరలుగా లాగి ఆల్చిప్పలు ఏరుతుంటే, బంగాళదుంపలు తవ్వే చెయ్యే గుర్తొచ్చింది.

కడగడం, సాన, భద్రం

పని అయిపోయాక మట్టి ఆరకముందే కడగండి. గుడ్డతో తుడిచి, ఎండ తగిలే చోట కాసేపు పెట్టి, ఇనుము మీద ఒక చుక్క నూనె రాయండి. కొబ్బరినూనె అయినా సరే. పిడికి ఏడాదికి రెండుసార్లు అవిసె నూనె పట్టించి గుడ్డతో రుద్దండి. కొరియన్లు పెరిల్లా గింజల నూనె వాడతారు. ఈ రెండూ గాలికి ఆరి కర్ర మీద పొరలా గట్టిపడే రకం. వంటకు వాడే వేరుశనగ నూనె అలా ఆరదు, జిడ్డుగానే ఉండిపోతుంది.

హోమికి కత్తి పదును అవసరం లేదు. వాదర మొద్దుబారి గడ్డిని కోయకుండా నలిపేస్తున్నట్టు అనిపిస్తే ఆకురాయితో కమ్మరి ఇచ్చిన వాలునే అనుసరించి, ఒకే దిక్కుగా, పది పన్నెండు సార్లు రుద్దండి. గ్రైండర్ పెట్టకండి, వేడెక్కితే ఉక్కు గట్టిదనం పోతుంది. మొనను మరీ సూదిలా చేయకండి, రాయి తగిలితే వంగుతుంది. పిడి వదులైతే నీళ్లలో నానబెట్టడం ఒక్క రోజు ఉపాయం. కర్ర ఆరగానే మళ్లీ ఊగుతుంది. సుంబె పక్కన సన్నటి వెదురు చీలిక కొట్టి బిగించుకోండి.

కొరియా పల్లెల్లో వరి మడుల్లో చివరి కలుపు తీశాక, చాంద్రమానం ఏడో నెల పౌర్ణమి సమయంలో, హోమిస్సిసి అని పండగ చేసుకునేవారు. ఆ మాటకు హోమి కడగడం అని అర్థం. మనకు దాదాపుగా శ్రావణ పౌర్ణమి రోజులు. హోమిలు కడిగి తగిలించేసి, తిని, తాగి, డప్పులు వాయించి, పంట బాగా పండించిన ఇంటి పాలేరును ఎద్దు మీద ఊరేగించేవారు. మనం ఏరువాక నాడు పని మొదట్లో నాగలికి పూజ చేస్తాం, వాళ్లు కలుపు పని తీరాక హోమిని కడిగి విశ్రాంతి ఇచ్చేవారు. నాకు రెండూ ఇష్టమే.

హోమిని నేల మీద, గోడ మూల పడేయకండి. మెడ వంపు ఉంది కాబట్టి మేకుకు తగిలించడం తేలిక. మొన గోడ వైపు, పిల్లల తలకు అందని ఎత్తులో ఉంచండి. ఇండియాకు తెచ్చుకునేవాళ్లు మొనకు మందపాటి అట్ట చుట్టి, టేపు వేసి, చెకిన్ బ్యాగులో పెట్టాలి. చేతి బ్యాగులో పెడితే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. పోయిన సంక్రాంతికి నేను రెండు తీసుకెళ్లాను. ఒకటి మా అమ్మకు, బంతి మడికి. ఇంకోటి మా ఊరి కమ్మరి తాతకు. ఆయన దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, మెడ వంపు మీద బొటనవేలు నిమిరి, కమాన్ పట్టీ ముక్క ఒకటి తెచ్చి పెట్టుకోరా, వేసవిలో చేసి చూద్దాం అన్నారు.